ఇంజిన్ ఆగినా ఆగని పంపు

ఇన్నేళ్లూ నేనొక అబద్ధాన్ని మోశాను. మోశాను అంటున్నాను గానీ చాలాకాలం అది బరువుగా కూడా అనిపించలేదు. పొద్దున షాపు తెరిచేవాణ్ని, సాయంత్రం మూసేవాణ్ని, ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ని. తప్పు చేసినవాడికి నిద్ర పట్టదంటారు. నాకు పట్టింది. ఈ సంగతి ముందే చెప్పాలి. నేను ఏళ్ల తరబడి కుమిలిపోయిన మనిషినని మీరు అనుకుంటే అది ఇంకో అబద్ధమవుతుంది.

ఒక ముసలామె కాలిపోయింది. ఆమె చావుకు కారణం తన అల్లుడేనని ఊరంతా అనుకున్నది. అతని పెండ్లాం కూడా అదే అనుకున్నది. కాదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే అయితే పిరికితనం అని సరిపెట్టుకోవచ్చు. నేను అంతకంటే ఎక్కువే చేశాను. అదే మీకు చెప్పబోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందువల్ల కొంచెం సులువుగా ఉంది.

నాది వనపర్తిలో బండ్లకు కరెంటు పని. లైట్లు, హారన్లు, సెల్ఫ్ మోటార్లు, బ్యాటరీలు. ఇది రెండువేల సంవత్సరం దాటాక జరిగిన ముచ్చట. అప్పుడప్పుడే మా వైపు రోడ్ల మీదికి కొత్తరకం పెట్రోలు బండ్లు వస్తున్నాయి. పాత బండిలో పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించేది కార్బొరేటర్. కొత్తవాటిలో అది ఉండదు. ట్యాంకు దగ్గర కరెంటు పంపు ఉంటుంది. అది పెట్రోలును గట్టిగా తోస్తుంది. ఎప్పుడు ఎంత చిమ్మాలో ఒక చిన్న పెట్టె నిర్ణయిస్తుంది. మేము దాన్ని కంప్యూటర్ అనేవాళ్లం. మా ఊరి మెకానిక్‌లు ఆ బండ్ల బానెట్ ఎత్తి, లోపలికి ఒకసారి చూసి, మళ్లీ మూసి, హైదరాబాదుకు తీసుకుపొమ్మనేవాళ్లు. నేను కొన్నాళ్లు హైదరాబాదులోనే ఒక మేస్త్రీ దగ్గర ఆ పని నేర్చుకుని వచ్చాను. వచ్చాక ఆ సంగతి నలుగురికీ తెలిసేటట్టు చూసుకున్నాను.

దేవదానం గోపాల్‌పేట మనిషి. అతని అమ్మానాన్నలు కూలీలు. కరువొచ్చిన ఏడు బొంబాయికి వలస పోయేవాళ్లు. అక్కడి పని జాగాల్లోనే అతను పెరిగాడు, డ్రైవింగ్ నేర్చుకున్నాడు. తిరిగొచ్చి ఒక పాత చిన్న వ్యాన్ కొనుక్కున్నాడు. డ్రైవర్ సీటు కింద ఇంజిన్ ఉండే రకం. దానిలో దవాఖానకు పోయేవాళ్లను తిప్పేవాడు, చర్చి మీటింగులకు తిప్పేవాడు, సెలవు దినాల్లో సోమశిలకు. మాట మెత్తన. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు.

ఒక ఎండాకాలం అతని వ్యాన్ ఇంజిన్ పట్టేసింది. ఆయిల్ కారిపోయింది చూసుకోలేదు. అలాంటి పాత ఇంజిన్ మంచిది దొరకలేదు. హైదరాబాదు తుక్కు మార్కెట్టులో ఎవరో అదే కంపెనీ కొత్తరకం వ్యాన్ ఇంజిన్ అంటగట్టారు. కూర్చుంటుంది అన్నారు. కూర్చుంది కూడా. పక్క షెడ్డు ఖాజా ఇంజిన్‌ను దించి, బోల్టులు బిగించి, చేతులు తుడుచుకుంటూ నా షాపులోకి వచ్చాడు. "నా పని అయిపోయింది. ఇగ వైర్లు నువ్వే చూసుకో భాయ్. నాకైతే తెల్వదు," అన్నాడు.

ఆ వైర్లను చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. తుక్కయిన బండి నుంచి తీసేటప్పుడు మొత్తం కట్టను కత్తితో కోసినట్టు కోశారు. ఇంజిన్ వైపు ఒక మొండెం, డ్యాష్‌బోర్డు వైపు ఇంకో మొండెం. కంప్యూటర్ పెట్టె ఇంకో బండిది, ఈ ఇంజిన్‌తో పుట్టింది కాదు. అదే రకం అని చెప్పి ఇచ్చారు. ఆకుపచ్చ వైరు మీద నల్లగీత, ఆకుపచ్చ వైరు మీద తెల్లగీత. ఎండకు, నూనెకు రెండూ ఒకే రంగుకు వచ్చి ఉన్నాయి. వద్దు, నావల్ల కాదు అని నేను అనొచ్చు. అనలేదు. ఎందుకు అనలేదు? దేవదానం మీద జాలితోనా? అలాగే చెప్పుకునేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే కాదు. కార్బొరేటర్ బండికి కంప్యూటర్ ఇంజిన్ పెట్టి నడిపించినవాడు అప్పటికి వనపర్తిలో లేడు. ఆ మొదటివాణ్ని నేనే కావాలనుకున్నాను.

గోనెసంచి పరిచి కట్టను దాని మీద విప్పాను. ఒక్కో వైరుకు కాగితం ముక్క కట్టి, మీటరుతో చూస్తూ ఈ కొస ఏ కొసదో పట్టుకుంటూ పోయాను. నీళ్ల వేడి చూసే సెన్సార్. గాలి చూసే సెన్సార్. ఇంజిన్ తిరుగుతున్నదని కంప్యూటర్‌కు చెప్పే సెన్సార్. దాని ప్లగ్గు ఒక రకం, పెట్టెకు పోయే ప్లగ్గు ఇంకో రకం. రెంటినీ కోసి అతికించాను. పాత బండికి లేని పెట్రోలు పంపును ట్యాంకులో దించి, పెట్రోలు వెనక్కి తిరిగి రావడానికి ఇంకో పైపు వేశాను. ఆ రోజులు నాకు చాలా బాగున్నాయి. దాచడం ఎందుకు, నా జీవితంలో అంత సంతోషంగా పని చేసిన రోజులు మళ్లీ రాలేదు. దేవదానం పక్కనే కూర్చుని చూసేవాడు. ఏదడిగితే అది అందించేవాడు. మాటల్లో ఒకసారి పెట్రోలు సంగతి చెప్పాడు. అంతకుముందు అతను వనపర్తి నుంచి డబ్బాలో పెట్రోలు తెచ్చి తమ వాడలో మోటార్ సైకిళ్లవాళ్లకు అమ్మేవాడు. నేనూ చూశాను, వెనక సీటు కింద డబ్బా ఉండేది. పెండ్లాం సువార్తకు అది నచ్చేది కాదు. చిన్నపిల్ల ఆ బండిలోనే బడికి పోతుందని పోట్లాడింది.

"బంద్ చేసిన అన్నా," అన్నాడు. "బైబిల్ మీద చెయ్యి పెట్టి మాటిచ్చిన. ఇగ డబ్బా ముట్ట."

నేను పని చూసుకుంటూ మంచిపని చేశావన్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను మరిచిపోయానని చెప్పుకునే వీలు లేకుండా నాకు ఇది బాగా గుర్తుంది.

అన్నీ కలిశాయి. ఒక్కటి కలవలేదు. అది పంపు.

ఆ బండ్లలో పంపుకు తాళంచెవి నుంచి నేరుగా కరెంటు పోదు. మధ్యలో రిలే ఉంటుంది, స్విచ్చులాంటిది. దాన్ని వేసేదీ ఆపేదీ కంప్యూటరే. ఇంజిన్ తిరుగుతున్నదని సెన్సార్ చెప్పినంతసేపే పంపు నడుస్తుంది. తిరగడం ఆగిందా, తాళంచెవి తిప్పి ఉన్నా పంపు ఆగిపోతుంది. ఎందుకు అలా పెట్టారో హైదరాబాదు మేస్త్రీ నాకు మొదట్లోనే చెప్పాడు. బండి పడ్డప్పుడు ఇంజిన్ ఆగుతుంది. అప్పుడు పైపు ఊడిపోతే, పంపు కూడా ఆగకపోతే, అది నిప్పు మీదికి పెట్రోలు కొడుతూనే ఉంటుంది. అంటే నాకు తెలుసు. తెలియక చేసిన పని కాదు ఇది.

మా పెట్టెలో ఆ రిలేను నడిపే పిన్ను ఒక్కటి చచ్చిపోయింది. మిగతావన్నీ బాగున్నాయి. ఎన్నిసార్లు చూసినా అంతే. వేరే పెట్టె కోసం మళ్లీ హైదరాబాదు పోవాలి. లేకపోతే ఆయిల్ ప్రెషర్ ఉన్నప్పుడే కలిసే చిన్న స్విచ్ ఒకటి దొరుకుతుంది. దాని గుండా రిలేకు వైరు తిప్పితే, ఇంజిన్ ఆగినప్పుడు పంపూ ఆగుతుంది. ఒక పూట పని. ఆ స్విచ్ నా దగ్గర లేదు. అప్పటికే పక్క షాపులవాళ్లు వచ్చి నిలబడి ఉన్నారు. బండి లేస్తదా లేవదా అని.

నేను జానెడు వైరు కోశాను. ఒక కొస రిలే కాలికి, ఇంకో కొస డ్యాష్‌బోర్డు కింద బండి బాడీకి స్క్రూతో బిగించాను. మా భాషలో దీన్ని డైరెక్ట్ చేయడం అంటారు. ఇక తాళం తిప్పితే పంపు నడుస్తుంది, తాళం తీస్తేనే ఆగుతుంది. ఇంజిన్ నడుస్తున్నదా లేదా అని ఎవరూ అడగరు.

బండి మొదటి సెల్ఫ్‌కే లేచింది. ఖాజా చప్పట్లు కొట్టాడు. దేవదానం నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చేతులు పట్టుకున్నప్పుడే చెప్పి ఉండాల్సింది. తమ్మీ, ఒక పని మిగిలి ఉంది, వచ్చే వారం బండి తీసుకురా అని. ఒక్క మాట. అది చెప్తే, నేను పూర్తిగా కలపలేకపోయానని ఒప్పుకున్నట్టు అవుతుంది. చుట్టూ మనుషులున్నారు. ఊరుకున్నాను.

తర్వాత అతను చాలాసార్లు వచ్చాడు. లైటు మాడిందని, హారన్ మోగడం లేదని. వచ్చిన ప్రతిసారీ నాకు ఆ వైరు గుర్తొచ్చేది. ప్రతిసారీ అతను తొందరలో ఉండేవాడు, లేదా నేను ఉండేవాణ్ని. ఆ స్విచ్ కూడా తెప్పించాను. షెల్ఫులో పెట్టాను. వేయలేదు. బండి బాగా నడుస్తున్నదిగా. ఇన్ని నెలలుగా ఏమీ కాలేదుగా. కానిదాన్ని చూపించి మనిషి తనను తాను ఎంతకాలమైనా నమ్మించుకోగలడు. నేను ఒక వానాకాలం దాకా నమ్మించుకున్నాను.

ఆ రోజు దేవదానం తన అత్త మరియమ్మను నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతున్నాడు. ఆమె చేనుగట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు మార్పించాలి. సువార్త, కూతురు ఎస్తేరు కూడా ఉన్నారు. మిట్టమధ్యాహ్నం. వాన వెలిసి రోడ్డు తడిగా ఉంది. చేనులోంచి ఒక ట్రాక్టర్ ఉన్నట్టుండి రోడ్డెక్కింది. దేవదానం తప్పించబోయాడు. వ్యాన్ జారి, రోడ్డు పక్క పల్లంలో ఒక పక్కకు ఒరిగి పడింది. పెద్ద వేగం లేదు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఇంజిన్ ఆగిపోయింది. ఇది తర్వాత అందరూ చెప్పిన మాట. దేవదానం బిడ్డను బయట పడేశాడు, సువార్తను లాగాడు. మరియమ్మ వెనక సీటులో కాలు చాపుకుని పడుకుని ఉంది. ఆమెను లాగడం సులువు కాదు. లాగుతుండగానే ముందు సీటు కింద మంట లేచింది. పెద్దది కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అతను వదల్లేదు. ట్రాక్టర్ మనిషి అతన్ని వెనక నుంచి పట్టి గుంజాడు. దేవదానం రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. మరియమ్మ బయటికి రాలేదు.

కబురు నాకు షాపులో తెలిసింది. మంట అన్న మాట వినగానే నాకు మొదట ఏం గుర్తొచ్చిందో మీకు తెలుసు. మరియమ్మ కాదు, దేవదానం చేతులు కాదు. జానెడు వైరు.

కాలిన బండిని పోలీసు స్టేషన్ ఆవరణకు తెచ్చిపెట్టారు. మరునాడు రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. ఆ బండికి కరెంటు పని చేసింది నేనే కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఆయన కంటే ముందే వెళ్లాను. కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు, చూసుకో పో అన్నాడు. లోపల ప్లాస్టిక్ అంతా కరిగి కారి గడ్డకట్టింది. సీట్లు తీగలు తేలి ఉన్నాయి. వాసన గురించి రాయను. పెట్రోలు పైపు ఇంజిన్‌తో కలిసేచోట, నేను క్లిప్పు బిగించినచోట, ఖాళీగా ఉంది. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమాను. రిలే కరిగి ముద్దయింది. వైరు మాత్రం ఉంది. పైతొడుగు కాలిపోయి ఉత్త రాగి మిగిలింది. స్క్రూ ఇంకా పట్టుకునే ఉంది. గుంజాను. వచ్చేసింది. వేళ్ల మధ్య ఉండచుట్టి జేబులో వేసుకున్నాను.

ఇదంతా నేను ఆలోచించి చేశానా? చెయ్యి తనంతట తానే చేసిందని చెప్పుకోవాలని ఉంది. కాదు. బండి దగ్గరికి నడిచేటప్పుడే దాని కోసం నడిచాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మంచివాడే. బండి చుట్టూ తిరిగి నన్ను పిలిచాడు.

"వైరింగ్ ఎవరు చేసిన్రు?"

"నేనే సార్."

"షార్ట్ అయ్యిందా?"

"లేదు సార్. ఫ్యూజులు అన్నీ సరిగ్గ పెట్టిన."

"మరి గింత మంట ఎట్ల లేచింది?"

"బండిల పెట్రోల్ డబ్బా ఉండె కావచ్చు సార్. ఇంతకుముందు పెట్టి తెస్తుండె."

ఇదీ నేను అన్న మాట. ఉంది అనలేదు, ఉండవచ్చు అన్నాను. చాలా రోజులు ఆ తేడాను పట్టుకుని వేలాడాను. ఇంతకుముందు తెచ్చిన మాట నిజమే కదా. మానేశాడని మాత్రం చెప్పలేదు. ఆయన తల ఊపి రాసుకున్నాడు. ఊరికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. దేవదానం డబ్బాలో పెట్రోలు తేవడం అందరూ చూసినవాళ్లే. సాయంత్రానికి వనపర్తిలో, మరునాటికి గోపాల్‌పేటలో అదే మాట. నాలుగు పైసలకు ఆశపడి అత్తను కాల్చుకున్నాడు.

దేవదానం మీద కేసు పెట్టారు. లోపల వేశారు. చాలాకాలం నడిచి చివరికి శిక్ష పడింది, అప్పటికే లోపలున్న రోజులతో సరిపెట్టి వదిలేశారు. చట్టానికి సంబంధించినంతవరకు అది అంతటితో అయిపోయింది. చర్చి పెద్దల ముందు సువార్త అతన్ని ఒక్క మాట అడిగిందట. బైబిల్ మీద చెయ్యి పెట్టి కూడా ఎందుకు తెచ్చినవ్ అని. తేలేదు అన్నాడు. బండెక్కేటప్పుడు సీటు కింద ఆమె చూసుకోలేదు, అతని మాట నమ్మలేదు. బిడ్డను తీసుకుని గద్వాలలో అన్న ఇంటికి వెళ్లిపోయింది.

కేసు ఇంకా నడుస్తుండగానే, బెయిల్ మీద బయటికి వచ్చినప్పుడు దేవదానం నా షాపుకు వచ్చాడు. చేతులకు ఇంకా కట్లున్నాయి. కూర్చోమన్నాను. టీ తెప్పించాను. అతను గ్లాసు పట్టుకోలేకపోయాడు. స్టూలు మీద అలాగే చల్లారింది.

"అన్నా, నువ్వొక్కపారి గద్వాలకు పోయి సువార్తకు చెప్పు," అన్నాడు. "బండిల డబ్బా లేదని. నేను చెప్తే ఇంటలేదు. నువ్వు చెప్తే ఇంటది. బండి నీ చేతులల్ల లేసింది గద. మంట ఏడికెల్లి లేచిందో నీకు జర తెల్సుంటది."

వైరు అప్పటికి నా దగ్గర లేదు. ఎప్పుడో మోరీలో పారేశాను. అయినా చెయ్యి జేబు దగ్గరికి పోయింది.

"నేను చూసినట్టు ఎట్ల చెప్త తమ్మీ? నేను బండిల లేకుంటి," అన్నాను.

అతను కాసేపు నా ముఖం చూశాడు. అనుమానంగా కాదు. అలా చూసి ఉంటే బాగుండేది.

"నిజమే అన్నా. నీకెట్ల తెలుస్తది. ఉట్టిగ నిన్ను పరేషాన్ చేసిన. ఏమనుకోకు," అన్నాడు.

నన్ను క్షమాపణ అడిగి వెళ్లిపోయాడు. మిగతాదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇన్‌స్పెక్టర్ ముందు భయపడ్డాను అనుకోవచ్చు. షాపు పోతుందని, జైలని, పెండ్లాం పిల్లలని. ఆ రోజు దేవదానం ముందు దేనికి భయపడ్డాను? చేతులకు కట్లున్న మనిషి. నా మీద నమ్మకం తప్ప అతని దగ్గర ఏమీ లేదు. బహుశా ఆ నమ్మకం పోతుందనే భయపడి ఉంటాను. అతని సంసారం పోయినా సరే, నన్ను అతను మంచి పనివాడు అనుకోవడం పోకూడదు. ఇంతకంటే నీచమైన లెక్క నాకు తట్టడం లేదు, కానీ నాది అదే.

కాలిన చేతుల వేళ్లు ముడుచుకుపోయాయి. స్టీరింగ్ పట్టడం కుదరలేదు. దేవదానం మళ్లీ బొంబాయి పోయాడు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో పోయినట్టే. అక్కడ ఒక కట్టడం దగ్గర కాపలా పని దొరికిందని విన్నాను.

నేను అప్పట్నుంచి ఇంజిన్ మార్చిన బండ్లకు వైరింగ్ చేయడం మానేశాను. ఎవరైనా ఏదైనా డైరెక్ట్ చెయ్యమంటే కోప్పడి పంపించేసేవాణ్ని. దాంతో నాకు పేరొచ్చింది. తప్పుడు పని చెయ్యడు, ఆలస్యమైనా సరిగ్గా చేస్తాడు అని. ఆ పేరుతోనే ఇల్లు కట్టాను, పిల్లలను చదివించాను. మంచివాడనే పేరు రావడానికి ఒక ముసలామె కాలిపోవాల్సి వచ్చిందని ఎవరికీ తెలియదు. ఆ మెప్పు నాకు చేదుగా ఉండేదా? మొదట్లో ఉండేది. తర్వాత మామూలుగా తీసుకున్నాను.

దేవదానం చనిపోయిన కబురు బ్యాటరీ కోసం వచ్చిన గోపాల్‌పేట మనిషి ఒకడు చెప్పాడు. జ్వరంతో పోయాడట. శవాన్ని తోటి కూలీలు ఊరికి తెచ్చారట. మాటల్లో మాటగా, పెండ్లాం మట్టికి కూడా రాలేదన్నా, అన్నాడు. బిడ్డనూ పంపలేదట. తల్లిని చంపిన మనిషి మట్టికి నేను రాను అన్నదట.

బ్యాటరీకి ఆసిడ్ పోస్తున్నాను. ఆపి పక్కన పెట్టాను. అది నిజం కాదని చెప్పగలిగినవాడు ఇప్పుడు భూమి మీద నేనొక్కణ్నే మిగిలాను అని మాత్రం అనిపించింది. ఏడుపు రాలేదు. అయినా వెంటనే వెళ్లలేదు. ఇంకా చాలాకాలం ఆగాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం, పోయినవాడు వస్తాడా, మానిన పుండును కెలకడమెందుకు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మానిందో లేదో నేను పోయి చూసిందీ లేదు.

చివరికి ఈ మధ్య ఒక ఆదివారం పెబ్బేరు మీదుగా గద్వాల బస్సెక్కాను. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే దిగి వెనక్కి పోదామనిపించింది. దిగలేదు. సువార్త ఒక హాస్టల్లో వంట చేస్తుందని తెలుసుకున్నాను. ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. చర్చి నుంచి అప్పుడే వచ్చింది. జుట్టు నెరిసింది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. నీళ్లు తాగాక చెబితే మోసం చేసినట్టుంటుందని గ్లాసు కింద పెట్టేశాను.

చెప్పాను. బాగా చెప్పలేకపోయాను. కంప్యూటర్ పెట్టె చెడిపోయిందని, స్విచ్ దొరకలేదని, దేవదానం తొందరలో ఉండేవాడని, చుట్టూ జనం ఉన్నారని, ఇలా ముందూ వెనకా చాలా చేర్చి మధ్యలో వైరు సంగతి, ఇన్‌స్పెక్టర్ సంగతి చెప్పాను. నేను ఆగాక ఆమె అడిగింది.

"బండి పడ్డంక ఇంజిన్ బందైంది. కానీ గుయ్యిమని ఒకటే సప్పుడు. తేనెటీగల లెక్క. అప్పట్ల అందరికి చెప్పిన. భయానికి చెవులల్ల మోగింది అన్నరు. ఏందది?"

"పంపు," అన్నాను.

"పంపు," అన్నది ఆమె కూడా. మళ్లీ అడిగింది. "ఆయనకు తెల్సా గిది?"

"తెల్వదు. డబ్బా లేదని ఒక్కటే తెల్సు."

"అది నాకు చెప్పిండు. చెప్పిండు గద. ఎన్నిమాట్లు చెప్పిండు." ఆ మాటలు నాతో అన్నట్టు లేవు. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా పిలిచింది. "ఎస్తేరూ, ఇటు రా. గీయన ఏం చెప్తుండో ఇను."

ఎస్తేరు ఇప్పుడు పెద్దది. టీచర్ ట్రైనింగ్ చదువుతున్నది. తలుపు దగ్గర నిలబడింది. ముఖమంతా దేవదానమే. సువార్త నా వైపు చూసి అన్నది.

"మళ్లొక్కపారి చెప్పు. దీనికి చెప్పు."

రెండోసారి చెప్పినప్పుడు పెట్టె సంగతి రాలేదు. స్విచ్ సంగతి, జనం సంగతి రాలేదు. దాచుకోవాలని కాదు, ఆ పిల్ల ముఖం చూస్తూ అవి నోటికి రాలేదు. పంపును డైరెక్ట్ చేసింది నేను. అది ప్రమాదమని నాకు తెలుసు. మీ నాన్నకు చెప్పలేదు. మంట లేచింది అందువల్లే. కాలిన వైరు నేనే తీసేసి, డబ్బా ఉందేమో అని చెప్పాను. మీ నాన్న డబ్బా పెట్టలేదు, మానేశానని నాతో అన్నాడు. అంతే. నాలుగైదు మాటల్లో అయిపోయింది. అంత చిన్న సంగతిని ఇన్నేళ్లు ఎలా దాచానో అర్థం కాలేదు.

ఎస్తేరు ఏడవలేదు. తిట్టలేదు. "మాకు చెప్పినవ్. గోపాల్‌పేటల అందరికి ఎవరు చెప్తరు?" అన్నది.

సువార్త గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆమె భుజాలు మాత్రం కనిపిస్తున్నాయి. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. లేచి వచ్చేశాను. మన్నించమని అడగలేదు. అడగడానికే వెళ్లాననుకున్నాను గానీ, అక్కడ ఆ మాట అనడం ఇంకొకటి గుంజుకోవడంలాగా అనిపించింది.

బస్టాండుకు వచ్చాక విపరీతంగా ఆకలేసింది. సిగ్గుపడాల్సిన ఆకలి. హోటల్లో కూర్చుని కడుపునిండా తిన్నాను. తేలికగా ఉందా అంటే ఉంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు, అయినా ఉంది. వాళ్ల ఇంట్లో ఆ పూట ఎవరైనా తిన్నారో లేదో తెలియదు.

ఎస్తేరు అడిగినదానికి ఇదే నేను చేయగలిగిన పని. అందుకే రాశాను. రాసేముందు ఆమెకు ఫోన్ చేసి పేర్లు మార్చాలా అని అడిగాను. నాన్న పేరు మార్చొద్దన్నది. మార్చలేదు. నా పేరు రాయడానికి ఎన్నిసార్లు పెన్ను పెట్టినా రాయలేకపోయాను. గోపాల్‌పేటలో ఇది చదివేవాళ్లకు అది అక్కర్లేదు. దేవదానం బండికి వైరింగ్ చేసింది ఎవరో వాళ్లకు తెలుసు.